చెనిక్కాయల పొడికి ఒక వెబ్‌సైటు: అనంతపురంలో చేయించుకున్న పని ఎలా ఉంది

అనంతపురం కమలానగర్‌లోని మా ఇంటి వెనక వసారాలో మా అత్తగారు ఆరేళ్లుగా చెనిక్కాయల (వేరుశనగ) పొడి, చెనిక్కాయ ఉండలు, నిప్పట్లు (చెక్కలు), ఎండు జొన్నరొట్టెలు చేసి అమ్ముతున్నారు. పండుగలప్పుడు ఊళ్లోవారికి మాత్రం ఓళిగలు (బొబ్బట్లు) కూడా చేసి ఇస్తారు. మొదట్లో కొనేవారంతా మా వీధివారే. వారి పిల్లలు ఉద్యోగాలకని బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లి, అక్కడి నుంచి అడగడం మొదలుపెట్టాక ఆర్డర్లు రాసుకోవడం, చిరునామాలు సరిచూడటం, డబ్బు పడిందో లేదో చూసుకోవడం నా వంతయింది. రోజూ పది పన్నెండు ఫోన్లు, అన్నింటిలోనూ అవే ప్రశ్నలు: పొడిలో తెల్లగడ్డ (వెల్లుల్లి) వేస్తారా, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, మా ఊరికి పంపిస్తారా, పంపడానికి ఎంతవుతుంది, ఎప్పుడు చేరుతుంది. పొయ్యి మీద బాణలి పెట్టుకొని ఈ అయిదు ప్రశ్నలకూ రోజంతా జవాబు చెప్పలేక వెబ్‌సైటు చేయించుకున్నాము. సాయినగర్‌లో ఒక మేడ మీది గదిలో పని చేసుకునే ఇద్దరు యువకులు దాన్ని తయారు చేసి ఇచ్చారు. పదకొండు నెలలు వాడిన తరవాత, మావంటి చిన్న వ్యాపారులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి వారి పేరు రాయడం లేదు.

వీరి పనికి నేను ఎందుకు విలువ ఇస్తున్నానో తెలియాలంటే అంతకు ముందు జరిగినది కొంత చెప్పాలి. వేరే ఊరి సంస్థ ఒకటి పదిహేను వేల రూపాయలు తీసుకొని వారం రోజుల్లో మాకు ఒక వెబ్‌సైటు అప్పగించింది. చూడటానికి బాగానే ఉండేది. తెరవగానే పెద్ద పెద్ద ఫొటోలు ఒకదాని వెంట ఒకటి జరిగిపోతూ ఉండేవి. వాటిలో ఏ వస్తువు ధర ఎంతో తెలుసుకోవాలంటే నాలుగుసార్లు నొక్కవలసి వచ్చేది. కొనాలంటే ముందు ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. మా దగ్గర కొనేవారిలో చాలామందికి ఈమెయిల్ ఉన్నా దాని పాస్‌వర్డు గుర్తుండదు. అన్నిటికంటే విచిత్రం డబ్బు కట్టే పేజీ. అందులో మా ఖాతా క్యూఆర్ కోడ్ బొమ్మను అతికించి, స్కాన్ చేసి డబ్బు పంపమని రాశారు. వచ్చేవారు దాదాపు అందరూ ఫోనులోనే చూస్తారు. తన ఫోను తెర మీద ఉన్న కోడ్‌ను అదే ఫోను కెమెరాతో ఎవరు స్కాన్ చేయగలరు? కొందరు తెరను ఫొటో తీసి, ఆ ఫొటోను యూపీఐ యాప్‌లోకి ఎక్కించి కట్టారు. ఒక పెద్దాయన భార్య ఫోను అడిగి తీసుకొని కట్టానని చెప్పారు. మిగిలినవారు మానుకున్నారు. డొమైన్‌ను, అంటే వెబ్‌సైటు చిరునామాను, ఆ సంస్థ తన పేరు మీదే నమోదు చేసుకున్న సంగతి, ఏడాది తిరిగి రెన్యువల్‌కు మూడింతలు అడిగినప్పుడు గాని మాకు తెలియలేదు. ఆ పేరును వదులుకున్నాము.

సాయినగర్ యువకులు మొత్తం పనికి 42,000 రూపాయలు చెప్పి మూడు విడతలుగా తీసుకున్నారు. ఆపైన వెబ్‌సైటును ఇంటర్నెట్‌లో నిలిపి ఉంచే హోస్టింగుకూ డొమైన్‌కూ కలిపి ఏటా 6,500. మా స్థాయికి ఇది చిన్న మొత్తం కాదు. వినగానే మా అత్తగారు "ఆ డబ్బుకు ఇంకొక గ్రైండరు వస్తుంది గదా" అన్నారు. అయితే వీరు మొదటి రోజున డిజైన్లు చూపించలేదు. ఒక శనివారం పొద్దున మా ఇంటికి వచ్చి, మధ్యాహ్నం దాకా వసారాలో కూర్చొని, నాకు వచ్చిన ప్రతి ఫోనులో అవతలివారు ఏమి అడిగారో నోటుపుస్తకంలో రాసుకున్నారు. నేను పైన చెప్పిన అయిదు ప్రశ్నలూ ఆ పుస్తకంలోనివే. ఫోనులో రోజూ వచ్చే ప్రశ్నకు జవాబు పేజీ పైభాగంలో, వేలితో కిందికి జరపకుండానే కనిపించాలన్నది వారు పెట్టుకున్న నియమం. అందువల్ల ఇప్పుడు పొడి పేజీ తెరిస్తే ఫొటో కింద మొట్టమొదట కనిపించేవి ధర, బరువు, తెల్లగడ్డ వేసినది కావాలో వేయనిది కావాలో ఎంచుకునే రెండు బటన్లు, ఎన్ని రోజులు నిలవ ఉంటుందో చెప్పే ఒక వాక్యం, పిన్‌కోడ్ కొడితే చేరే రోజునూ ఖర్చునూ చూపించే ఒక చిన్న గడి. వర్ణన ఆ తరవాతే. మా అత్తగారి చేతి రుచి గురించి నేను ఎంతో ఇష్టంగా రాసిచ్చిన రెండు పేరాలను "మా గురించి" అన్న పేజీలోకి పంపేశారు. నాకు కొంత కష్టంగా అనిపించింది గాని, ఆ పేజీని నెలకు ఎంతమంది తెరుస్తున్నారో తరవాత లెక్క చూపించినప్పుడు వాదించలేకపోయాను.

ఈ సేవలో నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది వారు చేసిన పరీక్షకు. సగం పని అయ్యాక, మాకు తెలిసిన అయిదుగురిని పిలిపించమన్నారు. అయిదుగురే ఎందుకని అడిగితే, వెబ్‌సైట్లను జనం ఎలా వాడుతున్నారో గమనించి సరిదిద్దే పద్ధతికి పేరుపడ్డ జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన లెక్క అది అన్నారు: అయిదుగురిని గమనిస్తే లోపాలు చాలావరకు బయటపడతాయని, పదిహేను మందిని ఒకేసారి పిలవడం కంటే అయిదుగురి చొప్పున మూడుసార్లు పిలిచి మధ్యలో సరిదిద్దుకోవడం మేలని. వచ్చినవారు మా పక్కింటి పెద్దమ్మ, డిగ్రీ చదివే మా మరిది కూతురు, ఉరవకొండ దగ్గరి నుంచి మాకు చెనిక్కాయలు తెచ్చి ఇచ్చే రైతు, బ్యాంకులో పని చేసి రిటైరైన ఒకాయన, సెలవుకు బెంగళూరు నుంచి వచ్చిన మా వదిన కొడుకు. ఎవరి ఫోను వారి చేతిలోనే ఉంచి, "అరకిలో చెనిక్కాయల పొడి కొనండి" అని మాత్రం చెప్పి, ఆ ఇద్దరూ నోరు కట్టుకొని పక్కన కూర్చున్నారు. మమ్మల్నీ మాట్లాడవద్దన్నారు. అలా ఊరుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. పెద్దమ్మ బటన్ పక్కనే వేలు పెట్టుకొని వెతుకుతుంటే నా చెయ్యి రెండుసార్లు ముందుకు పోయింది.

వెబ్‌సైటులో అప్పటికి తెలుగు మాటలన్నీ ఏదో అనువాద యంత్రంతో నింపి ఉంచారు. 'యాడ్ టు కార్ట్' అనేది "బండికి జోడించండి" అయింది. పెద్దమ్మ కళ్లజోడు సవరించుకొని ఆ బటన్‌ను పైకి చదివి, "పొడి అడిగితే బండి కొనమంటాందేమి మ్మా?" అన్నారు. నవ్వు ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఆమె మాత్రం నవ్వలేదు, ఎందుకంటే ఆమె నిజంగానే అడిగారు. 'చెక్ అవుట్' కాస్తా "తనిఖీ చేయండి" అయింది. రైతు అక్కడిదాకా వచ్చి, వేలు గాలిలోనే ఆపి, "తనిఖీ అంటే ఎవరన్నా ఇంటికి వస్తారా?" అని అడిగారు. ఆ సాయంత్రమే ఆ మాటలన్నీ తీసేసి, మా అత్తగారు ఎలా మాట్లాడతారో అలా రాశారు. ఇప్పుడు మొదటి బటన్ మీద "సంచిలో వేయండి" అని, రెండోదాని మీద "డబ్బు కట్టండి" అని ఉంటుంది. సంచి బొమ్మ కూడా మా ఇంట్లో కూరగాయలకు తీసుకెళ్లే గుడ్డసంచిలాగా గీశారు.

మిగిలిన లోపాలు ఇంత నవ్వు తెప్పించేవి కావు గాని, గిరాకీని పోగొట్టేవే. ఫోను నంబరు గడిని తాకితే అంకెల కీబోర్డుకు బదులు అక్షరాల కీబోర్డు వచ్చేది. పావుకిలో, అరకిలో, కిలో అని ఎంచుకునే బటన్లు ఎంత ఇరుకుగా ఉండేవంటే రైతు వేలికి ప్రతిసారీ పక్కది తగిలేది. నొక్కే చోటు కనీసం 48 యూనిట్లు, అంటే తెర మీద దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయట. మా మరిది కూతురు ఫోనును ఒంటిచేత్తో పట్టుకొని బొటనవేలితోనే అంతా నడిపిస్తుంది కాబట్టి, పైన మూలలో ఉన్న సంచి బొమ్మ ఆమెకు అందలేదు. దాన్ని కిందికి తెచ్చారు. పసుపు డబ్బాను గుర్తుకు తెస్తుందని ధరలను పసుపురంగు అక్షరాల్లో పెట్టారు. గదిలో ముచ్చటగా ఉన్నా, బ్యాంకు పెద్దాయన వాకిట్లోకి వెళ్లి ఎండలో చూస్తే ఏమీ కనిపించలేదు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగులో తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ ప్రమాణాలు ఉన్నాయని ఆ ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా అందానికి లొంగిపోయామని ఒప్పుకున్నారు. మా అనంతపురం ఎండలో ఆ నిష్పత్తి కూడా చాలదని నా అభిప్రాయం. ఇప్పుడు ధరలు నల్లగా, లావుగా ఉన్నాయి.

వెతుకులాట గడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఏ రెడీమేడ్ వెబ్‌సైటులోనూ దొరికేది కాదు. మేము చెనిక్కాయలనేవాటిని కర్నూలు వైపు బుడ్డలంటారు, హైదరాబాదువారు పల్లీలంటారు, పుస్తకాల్లో వేరుశనగ, కొందరికి శనక్కాయ. ఓళిగను ఒకచోట బొబ్బట్టంటారు, ఇంకొకచోట భక్ష్యమంటారు, మరొకచోట పోలె అంటారు. తెల్లగడ్డ అంటే గోదావరి జిల్లాల నుంచి ఫోను చేసిన ఒకావిడ అదేదో దుంప అనుకున్నారు. మామూలు వెబ్‌సైటులో "పల్లీ పొడి" అని కొడితే మా పొడి ఉండి కూడా "ఏమీ దొరకలేదు" అని వస్తుంది. వచ్చినవారు వెళ్లిపోతారు, వెళ్లిపోయారని కూడా మనకు తెలియదు. ఈ పేర్లన్నీ ఒక పట్టికగా నా చేత రాయించుకొని, ఏ పేరు కొట్టినా అదే వస్తువు వచ్చేట్టు కలిపారు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారు ఒక్క చెనిక్కాయనే ఎన్ని రకాలుగా రాస్తారో, అవి కూడా చేర్చారు. దొరకకుండా పోయిన మాటలు ప్రతి వారం నాకు ఒక జాబితాగా వస్తాయి. దాని వల్లే చాలామంది కొర్రల మురుకులు వెతుకుతున్నారని తెలిసి, గత శ్రావణం నుంచి అవీ చేస్తున్నాము.

వేగం విషయంలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. నేను ఫోనుతో తీసి ఇచ్చిన ఫొటోలు ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉండేవి. వాటిని కుదించి వెబ్‌పీ అనే రూపంలోకి మార్చి, ఒక్కొక్కటి 120 కేబీ దాటకుండా చేశారు. కంటికి తేడా తెలియదు. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే మంచిదని గూగుల్ పెట్టిన కొలత ఉంది. వీరు ఆ కొలతను ఆఫీసులోని వైఫైలో చూసి ఊరుకోకుండా, కల్యాణదుర్గం బస్సులో పాత ఫోనుతో చూశారు. ఊరు దాటాక సిగ్నల్ తగ్గినచోట ఆరు సెకన్లు పట్టిందని వారే చెప్పి, ముందు పేజీలో ఉన్న వీడియోను తీసేశారు. ఆ వీడియోలో మా అత్తగారు రోలు దగ్గర ఉన్నారు. తీసేసినందుకు ఆవిడ ఇప్పటికీ వారిని వదలరు: "ఏం నాయనా, నా బొమ్మ బరువైందా మీకు?"

చిరునామా ఫారం దగ్గర మాత్రం మొదట తప్పు చేసి, తరవాత చక్కగా దిద్దుకున్నారు. ఎక్కడి నుంచో తెచ్చిపెట్టిన జిల్లాల జాబితాలో ఆంధ్రప్రదేశ్‌కు ఇంకా 13 పేర్లే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న అవి 26 అయ్యాయి. ధర్మవరం నుంచి కొనబోయిన ఒక పట్టుచీరల వ్యాపారికి శ్రీ సత్యసాయి జిల్లా కనిపించక, అనంతపురమని పెట్టాలో వద్దో తేల్చుకోలేక ఫోను చేశారు. నంద్యాలవారిదీ అదే అవస్థ. కడప సంగతి మరీ చిక్కు: ఇంగ్లిషులో పాత స్పెల్లింగు ఒకటి, 2005 తరవాతి స్పెల్లింగు ఒకటి, 2010లో వచ్చిన వై.ఎస్.ఆర్. జిల్లా అన్న పేరు, ఆ తరవాత మళ్లీ వై.ఎస్.ఆర్. కడప. జాబితాను ఎన్నిసార్లు మార్చినా మళ్లీ మార్చవలసి వస్తుందని గ్రహించి, జిల్లాను అడగడమే మానేశారు. ఇప్పుడు ముందు అడిగేది పిన్‌కోడ్. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరు అంకెల పద్ధతిలో మొదటి అంకె 5 అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. 515 అంటే మా వైపు, 516 కడప, 518 కర్నూలు. ధర్మవరం జిల్లా మారింది గాని దాని పిన్‌కోడ్ ఇప్పటికీ 515తోనే మొదలవుతుంది. ఆరు అంకెలూ కొట్టగానే రాష్ట్రం నిండిపోయి, ఆ కోడ్ కిందికి వచ్చే పోస్టాఫీసుల పేర్లు వస్తాయి. తమ ఊరిని ఎంచుకుంటే చాలు. ఆ కింద "ఇంటి గుర్తు" అని ఒక గడి ఉంది. ఇంటి నంబరు తెలియని చోట "ఆంజనేయస్వామి గుడి వెనక, నీళ్ల ట్యాంకు ఎదురుగా" అని జనం అందులో రాస్తారు. పార్సిల్ తీసుకెళ్లే కుర్రవాడికి డోరు నంబరు కంటే అదే ఎక్కువ పనికివస్తుందని మా కొరియర్ ఆఫీసులో చెప్పారు. ఖాతా తెరవనక్కరలేదు, ఈమెయిల్ అక్కరలేదు. పేరు, ఫోను నంబరు, పిన్‌కోడ్, ఊరు, గుర్తు, అంతే.

డబ్బు కట్టే పేజీలో ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఫోనులో కనిపించదు. కంప్యూటరులో తెరిస్తేనే కనిపిస్తుంది. ఫోనులోనైతే బటన్ నొక్కగానే అందులో ఉన్న యూపీఐ యాప్ కట్టవలసిన మొత్తంతో సహా తెరుచుకుంటుంది, పిన్ కొడితే పని అయిపోతుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. డబ్బు కట్టాక చాలామంది మళ్లీ మా పేజీకి రారు. యాప్‌లో పచ్చని టిక్కు చూసి ఫోను పక్కన పెట్టేస్తారు. అలాంటప్పుడు డబ్బు మాకు పడుతుంది గాని ఆర్డరు మాత్రం నమోదు కాకపోవచ్చు. వీరు కొన్నవారి డబ్బును మాకు చేరవేసే పేమెంట్ గేట్‌వే సంస్థ సర్వరు నుంచి మా సర్వరుకు నేరుగా సమాచారం వచ్చేట్టు అమర్చారు కాబట్టి, కొన్నవారు వెనక్కి వచ్చినా రాకపోయినా ఆర్డరు పడుతుంది, వారికి వాట్సాప్‌లో రసీదు వెళుతుంది. యూపీఐ మీద వ్యాపారి నుంచి తీసుకునే ఎండీఆర్ రుసుమును కేంద్రం 2020 జనవరి నుంచి ఎత్తివేసింది. కార్డులకు గేట్‌వేలు సాధారణంగా నూటికి రెండు రూపాయల చుట్టుపక్కల తీసుకుంటాయి. అందుకని యూపీఐని పైన పెట్టి, కార్డును కిందికి జరిపారు. ఇంటికి వచ్చాక డబ్బు ఇచ్చే పద్ధతిని ఒకసారైనా మా దగ్గర కొన్నవారికే ఉంచారు. అంతకు ముందు తలుపు తీయనివారి పార్సిళ్లు తిరిగి వచ్చి, రెండువైపుల ఖర్చూ మా మీదే పడేది.

ఒక్క విషయంలో వారికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. "ఇంకా 3 ప్యాకెట్లే మిగిలాయి", "ఈ ధర మరో 10 నిమిషాలే" అని ఎర్రటి అక్షరాల్లో పరుగెత్తే గడియారం ఒకటి పెడదామన్నారు, అందరూ పెడుతున్నారట. మా వసారాలో పొడి అయిపోతే మరునాడు మళ్లీ దంచుతాము, మూడే మిగలడం ఏమిటని నేను ఒప్పుకోలేదు. తరవాత చూస్తే అది చట్టం కూడా కాదన్నదే. కొనేవారిని మాయచేసే ఇలాంటి ఎత్తుగడలను 13 రకాలుగా గుర్తించి, 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించింది. లేని తొందరను కల్పించడం ఒకటి, అడగనిదాన్ని సంచిలో వేయడం ఒకటి, చివరి పేజీలో గాని పూర్తి ధర చెప్పకపోవడం ఇంకొకటి. మా పాత వెబ్‌సైటు పార్సిల్ పంపే ఖర్చును చివరి మెట్టులోనే చూపించేది, పాపం మాకు తెలియక. చట్టం కోరే మిగిలిన వివరాలను వీరు అడగకుండానే చేర్చారు: ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారుచేసినవారి చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి పేరు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మా సంస్థలో ఆ అధికారిని నేనే.

ఇక ఫిర్యాదులకు వస్తే, అన్నిటికంటే పెద్దది తెలుగు అక్షరాల గురించి. మా లేబుళ్లూ కరపత్రాలూ డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైపు చేసినవి. ఆ ఫైళ్లలోని మాటలను యథాతథంగా తెచ్చి వెబ్‌సైటులో వేస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు కావు. తెలుగు 1991 నాటి మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే ఉంది. ముద్రణ పనివారు ఇంకా పాత దారిలోనే ఉండటం వేరే సంగతి. ఈ ఇద్దరు యువకులు మొదట చేసిన పని ఆ మాటలను ఫొటోలుగా మార్చి అతికించడం. ఫొటోలోని మాటను గూగుల్ సరిగా పట్టుకోలేదు, చూపు మందగించినవారు అక్షరాలను పెద్దవి చేసుకోలేరు, చదివి వినిపించే సాధనాలకు అది అందదు. నేను పట్టుబట్టిన మీదట కన్వర్టరుతో మార్చారు గాని, మారినదాన్ని చదివి చూడలేదు. వత్తులు తారుమారైన మాటలు నలభైకి పైగా నేనే వెతికి దిద్దాను.

ఆ తరవాత వచ్చినది పంక్తుల ఎడం. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయే ఎడాన్ని తెలుగుకూ ఉంచేసరికి, పై పంక్తిలోని "లక్ష్మి" కింది వత్తులు కింది పంక్తిలోని గుడులను గుద్దుకున్నాయి. శీర్షికల్లో అక్షరాల మధ్య ఖాళీ పెంచడం ఇంగ్లిషులో అందమేమో గాని, తెలుగులో మాట పళ్లూడినట్టు ఉంటుంది. పేరాలను రెండు అంచులూ సమంగా సర్దడం వల్ల, మన పొడుగాటి మాటలు ఫోను తెర మీద ఇమడక పంక్తికి రెండే మాటలు, మధ్యలో వీధి అంత ఖాళీ. ఇవన్నీ చెప్పి చేయించుకోవలసి వచ్చింది. చివరికి వర్ణనలకు మండలి ఫాంటు, శీర్షికలకు రామభద్ర వాడారు. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవే. ఇప్పుడు చదవడానికి హాయిగా ఉంది. కాని తెలుగు ఊరిలో, తెలుగువారికి వెబ్‌సైటు చేసేవారు దీన్ని కొనేవారు చెప్పేదాకా చూడకపోవడం నాకు నచ్చలేదు.

అప్పగింత విషయంలో సగం మెప్పు, సగం అసంతృప్తి. డొమైన్ మా పేరు మీద, మా కార్డుతోనే నమోదు చేయించారు. పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి ఇచ్చారు. ఇంతకు ముందు దెబ్బతిన్నవాళ్లము కాబట్టి ఆ కవరు విలువ మాకు తెలుసు. అయితే నేర్పించినది ఒక్క గంట. కొత్త వస్తువు చేర్చాలంటే నింపవలసిన గడులు పదకొండు ఉన్నాయి. నూనె ధర పెరిగినప్పుడు నిప్పట్ల కిలో ధర మార్చి, అరకిలోది మార్చడం మరిచిపోతే, రెండు అరకిలోలు కిలో కంటే చవకగా మూడు రోజులు అమ్మాము. ఒకటి మారిస్తే రెండోది హెచ్చరించే ఏర్పాటు ఉండాలి, లేదు. సంక్రాంతికి ముందు రోజు, అందరూ ఆర్డర్లు ఇచ్చే సమయంలో, ఏదో అప్‌డేట్ దానంతటదే పడి డబ్బు కట్టే బటన్ పని చేయడం మానేసింది. ఫోను చేస్తే ఒకరు ఊళ్లో లేరు, రెండోవారు సాయంత్రానికి సరిచేశారు. ఆ పూట ఎన్ని ఆర్డర్లు పోయాయో లెక్క లేదు. పండుగ వారంలో అప్‌డేట్లు ఆపి ఉంచాలని ఇప్పుడు మా ఒప్పందంలో రాసుకున్నాము. మొదటి ఆరు నెలలు ఉచితంగా చూసినవారు ఇప్పుడు ఒక్కొక్క మార్పుకు 500 తీసుకుంటున్నారు. అది న్యాయమేనని అనుకుంటున్నాను.

ఫలితం చెప్పాలంటే, మొదటి మూడు నెలల్లో వెబ్‌సైటు మీద 58 ఆర్డర్లు వచ్చాయి, గడిచిన మూడు నెలల్లో 214. ఫోన్లు రోజుకు మూడో నాలుగో వస్తున్నాయి, అవి కూడా చాలావరకు మా అత్తగారితో మాట్లాడటానికి చేసేవి. ఒకటి రెండు వస్తువులు మాత్రమే అమ్ముతూ, నెలకు ఇరవై ఆర్డర్లు దాటనివారికి ఇంత ఖర్చు అక్కరలేదు. వాట్సాప్ బిజినెస్‌లోని క్యాటలాగు సరిపోతుంది. అంతకు మించి ఉన్నవారు ఇలాంటివారి దగ్గరకు వెళితే, ఫొటోలూ రంగులూ చూసే ముందు, మీ దగ్గర కొనేవారిని కూర్చోబెట్టి చూస్తారా అని అడగండి. నేను పనికి అయిదులో నాలుగు ఇస్తాను, తెలుగుకు రెండున్నర.

ఇంకా తేలని పని ఒకటి మిగిలింది. ఆర్డరుతో పాటు అచ్చయ్యే పీడీఎఫ్ బిల్లులో తెలుగు అక్షరాలు కలవడం లేదు. వత్తులు విడిపోయి "చెనిక్ కాయల పొడి" అని వస్తుంది, కొన్ని పేర్లయితే వట్టి చదరపు గడులే. బిల్లు తయారుచేసే సాధనానికి తెలుగు వత్తులు కలపడం రాదని, దాన్ని మార్చాలని వారు రెండు నెలల కిందట చెప్పారు. అంతవరకు ప్రతి బిల్లు మీదా వస్తువు పేరు కొట్టేసి, పక్కన పెన్నుతో నేనే రాసి పంపుతున్నాను.